కోరంగి మడలకు ఏది మేలు: ఉపగ్రహమా, పడవా?

కాకినాడ దగ్గరి కోరంగిలో మడ అడవి పెరిగిందా, తరిగిందా అని అడిగితే నేను ముందు ఉపగ్రహ చిత్రమే తీస్తాను. అడవిలో ఏం బతుకుతోంది అని అడిగితే మాత్రం పడవ ఎక్కాల్సిందే. రెంటికీ సరిపడా డబ్బు లేనప్పుడే చిక్కు.

ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు 1972 నుంచి భూమిని చూస్తూనే ఉన్నాయి. 2008 నుంచి ఆ బొమ్మలు ఎవరికైనా ఉచితం. 30 ఏళ్ల కిందటి గోదావరి మొగ పక్కన ఇవాళ్టిది పెడితే, రొయ్యల చెరువులు ఎక్కడెక్కడ మడలోకి చొచ్చుకొచ్చాయో తెలిసిపోతుంది. కాలినడకన ఆ పని ఎవరివల్లా కాదు. వానాకాలం మబ్బు పట్టినా రాడార్ ఉపగ్రహాలకు అడ్డు లేదు.

అయితే ల్యాండ్‌శాట్ బొమ్మలో ఒక్కో గడి 30 మీటర్ల చదరం. మన లెక్కలో 22 సెంట్లు, అంత జాగాకీ ఒకటే రంగు. సెంటినెల్-2 అనే మరో ఉపగ్రహం బొమ్మలో గడి 10 మీటర్లు, అంటే దాదాపు రెండున్నర సెంట్లు. అందులోనూ బావురుపిల్లి కనబడదు.

పాటు వేళ, అంటే సముద్రపు నీరు వెనక్కి తగ్గినప్పుడు, కోరంగిలో పడవ దిగితే కాళ్లు బురదలో దిగబడతాయి. మడ వేళ్లు పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచి ఉంటాయి. పీతల బొరియల మధ్య బావురుపిల్లి అడుగులు, కాస్త దూరంలో నీటికుక్కల పెంట, అందులో మెరిసే చేప పొలుసులు. తిల్ల చెట్టు కొమ్మ జోలికి పోకండి, పాలు కంట్లో పడితే మంటెత్తిపోద్దని పడవాయన ముందే చెబుతాడు. పైనుంచి చూసేవాళ్లకి తిల్లా మడా కలిసి పచ్చదనమే. ఒకే జాతి నాటిన తోటా అంతే పచ్చగా ఉంటుంది. 2030కల్లా నేలలో, సముద్రంలో 30 శాతం కాపాడుకుందామని 2022లో మాంట్రియల్‌లో దాదాపు దేశాలన్నీ ఒప్పుకున్నాయి. పచ్చదనం కొలిచి అదే జీవవైవిధ్యమని రాసేసుకుంటారేమోనని నా భయం.

పడవెక్కి వెళ్లి చేసే నేల లెక్కలోనూ లోపాలున్నాయి. పడవ పోయే కాలువల పక్కనే లెక్క సాగుతుంది. ఉల్లంకిపిట్టల గుంపు లేస్తే ఒక్కొక్కరి కంటికి ఒక్కో సంఖ్య.

అయినా ఉన్న కాస్త డబ్బూ నేల లెక్కకే పెట్టమంటాను. ఉపగ్రహం తీసిన బొమ్మని పదేళ్ల తర్వాతైనా తీసి చూడొచ్చు. ఈ జనవరి నీటిపక్షుల గణనలో లెక్కపెట్టని పిట్టల్ని ఇక ఎప్పటికీ లెక్కపెట్టలేం. ఉచితంగా వచ్చే బొమ్మ చూసి మూడు చోట్లు ఎంచుకోండి: పాత మడ ఒకటి, పలచబడ్డది ఒకటి, కొత్తగా నాటింది ఒకటి. ఏటా అక్కడికే, అదే నెలలో, అదే పాటు వేళకి వెళ్లండి. పడవాయనకి ఆ రోజు కూలి ముందే లెక్కలో రాసుకోండి. ఏ కాలువలో ఏ పిట్ట వాలుతుందో చూపించేది ఆయనే.