ఆటికాన్ రిక్ మెషిన్లు: ఏళ్ళ తరబడి వాడాక, కంపెనీ చరిత్రతో కలిపి

రిక్ అంటే మెషిన్ చెవి వెనక ఉండి, రిసీవర్ అనే చిన్న స్పీకర్ సన్నటి తీగ కొసన చెవి లోపల ఉండే రకం. చెవి మెషిన్ పెట్టుకున్న మొదటి వారంలో ఎవరైనా చూసేది మాట ఎంత స్పష్టంగా వినిపిస్తుందనే. నాలుగైదేళ్ళు వాడాక ప్రశ్నలు మారతాయి. దీని రిసీవర్ ఇంకా దొరుకుతుందా? మెషిన్‌ను మన వినికిడికి తగ్గట్టు సరిచేసే ఆడియాలజిస్టు కంప్యూటర్‌లో ఈ మోడల్ తెరుచుకుంటుందా? రెండింటికీ జవాబు ఆ కంపెనీ ఎవరి చేతిలో ఉందన్న దాని మీదే ఆధారపడుతుంది.

ఆటికాన్ మూలం డెన్మార్క్‌లో ఉంది. హాన్స్ డీమాంట్ భార్య కమిలాకు వినికిడి లోపం. ఇంగ్లండ్ రాణి అలెగ్జాండ్రా 1902 పట్టాభిషేకంలో వాడిన అమెరికన్ యంత్రం గురించి తెలిసి, అలాంటిదే ఆమె కోసం తెప్పించాడు. 1904లో దాన్నే వ్యాపారంగా మొదలుపెట్టాడు. 1910లో కొడుకు విలియం పగ్గాలు అందుకున్నాడు. 1957లో కుటుంబం తన వాటాలను ఒక ఫౌండేషన్‌కు రాసిచ్చింది. నా దృష్టిలో వాడేవాళ్ళకు ఈ చరిత్రలో అన్నిటికంటే పనికొచ్చే తేదీ అదే. మెజారిటీ వాటా ఫౌండేషన్ దగ్గరే ఉండటంతో కంపెనీని ఎవరో కొనేసి పేరు మార్చే అవకాశం తక్కువ.

సీమెన్స్ సంగతి చూడండి. 1913 నుంచి వినికిడి యంత్రాలు చేసిన ఆ సంస్థ 2015లో ఈ విభాగాన్ని అమ్మేసింది. అది సివాంటోస్ అయింది, 2019లో వైడెక్స్‌తో కలిసి డబ్ల్యూఎస్ ఆడియాలజీ అయింది. పాత సీమెన్స్ మెషిన్‌కు విడిభాగాలు కావాలంటే ఇప్పుడు సిగ్నియా పేరుతో అడగాలి.

ఆటికాన్‌ను నడిపే డీమాంట్ గ్రూపు చేతిలోనే 1995 నుంచి బెర్నాఫోన్ ఉంది. 2019 నుంచి ఫిలిప్స్ పేరుతో వచ్చే చెవి మెషిన్లూ లైసెన్సు మీద వీళ్ళవే. ఈ మూడింటి రిక్ మోడళ్ళలో ఎక్కువ భాగం మినీఫిట్ అనే ఒకే బిగింపు పద్ధతే కాబట్టి డోమ్‌లు (రిసీవర్ కొసకు తొడిగే మెత్తటి రబ్బరు తొడుగులు), గులిమిని ఆపే ప్రోవ్యాక్స్ మినీఫిట్ గార్డులు ఒకదానివి మరొకదానికి సరిపోతాయి. ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం వేర్వేరు: ఆటికాన్‌కు జీనీ, బెర్నాఫోన్‌కు ఒయాసిస్. ఇల్లు ఒకటే అయినా తాళం చెవులు వేరన్నమాట. కొనేముందు మీ ఆడియాలజిస్టు దగ్గర ఏది ఉందో అడగండి.

ఇక రోజువారీ వాడకం. శబ్దం ఉన్నట్టుండి మందగించినా, ఒక చెవి పూర్తిగా ఆగినా మెషిన్ పోయిందని కంగారు పడనక్కర్లేదు. ముందు వ్యాక్స్ గార్డ్ చూడాలి. రిసీవర్ మూతి మీద చిన్న తెల్లటి గిన్నెలా ఉంటుంది, గులిమి చేరితే శబ్దానికి దారి ఉండదు. డోమ్ తీసి, రిసీవర్ మూతి కిందికి ఉండేలా పట్టుకుని బ్రష్‌తో తుడవండి. అలా పట్టుకుంటే పొడి లోపలికి పోదు. గార్డు పుల్లకు రెండు కొసలు ఉంటాయి. ఖాళీ కొసను పాత గార్డులోకి నిటారుగా గుచ్చి లాగండి. పుల్ల తిప్పి కొత్త గార్డున్న కొసను లోపలికి నొక్కి, పుల్లను నెమ్మదిగా బయటికి తీయండి. గార్డు అక్కడే ఉండిపోతుంది. సూదితోనో పిన్నుతోనో కెలికితే లోపలి పొర చిరుగుతుంది, అప్పుడు రిసీవరే మార్చాలి. డోమ్ తిరిగి పెట్టాక ఒకసారి లాగి చూడటం తప్పనిసరి. సగం పట్టుకున్న డోమ్ చెవిలోనే ఉండిపోతే తీయడానికి డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సి వస్తుంది.

మెషిన్ బతికే ఉందో లేదో తెలుసుకోవాలంటే ఆన్ చేసి గుప్పిట్లో మూయండి. ఈల వేస్తే పనిచేస్తున్నట్టే. చెవిలో పెట్టుకున్నాక కూడా ఈల ఆగకపోతే డోమ్ చిన్నదై ఉండొచ్చు, లేదా తీగ పొడవు తప్పై ఉండొచ్చు. తీగ చెంపకు ఆనకుండా విల్లులా పైకి లేస్తుంటే పొడవు ఎక్కువైనట్టు.

జింక్-ఎయిర్ సెల్లు వాడే మోడళ్ళలో గోధుమరంగు 312 సెల్లు సాధారణంగా వారం లోపే అయిపోతుంది, ఫోన్ కాల్స్ ఎక్కువైతే ఇంకా త్వరగా. స్టిక్కర్ పీకాక ఒకటి రెండు నిమిషాలు గాలి తగలనిచ్చి మూత వేయండి. ఆ సెల్లు గాలిలోని ఆక్సిజన్‌తో పనిచేస్తుంది. రాత్రి తేమ పీల్చే డబ్బాలో మెషిన్ పెట్టేటప్పుడు సెల్లు బయటికి తీసేయాలి. లేకపోతే సెల్లు లోపలి ద్రవం ఆరిపోయి అది ముందే చచ్చిపోతుంది.

రిసీవర్ పాడైతే ఎర్ర గుర్తు కుడి చెవి, నీలం గుర్తు ఎడమ చెవి అని చూసి, దాని శక్తిని తెలిపే 60, 85, 100 అంకె కూడా సరిచూడండి. కొత్త మోడళ్ళవి మినీఫిట్ డిటెక్ట్ రిసీవర్లు, పాత మినీఫిట్ వాటికి బదులుగా అవి కుదరవు. వినికిడి తగ్గి 60 నుంచి 85కి మారుతుంటే జీనీలో కూడా ఆ మార్పు నమోదు చేయించాలి. అది చేయకుండా రిసీవర్ మాత్రమే మారిస్తే పెంచాల్సిన శబ్దం లెక్క తప్పుతుంది.