ఆరేళ్లుగా జోటెరోలో తీర్పుల సైటేషన్లు

నెల్లూరులో సివిల్ కేసులు చూసే వకీలుని. ఆరేళ్లుగా రాతపూర్వక వాదనల్లో సైటేషన్లన్నీ, అంటే ఏ తీర్పు ఏ పుస్తకంలో ఏ పేజీలో ఉందో చెప్పే ఆధారాలన్నీ, జోటెరోతోనే పెడుతున్నాను; అది ఇలాంటి ఆధారాలను దాచి, వర్డ్‌లో పెట్టే సాఫ్ట్‌వేర్. అంతకు ముందు మా సీనియర్ గారి లాంగ్ బుక్కే దిక్కు. ఏ పాయింటుకు ఏ రూలింగో అందులో చేత్తో రాసుకునేవాళ్లం.

మా దగ్గరికి ఎక్కువగా పొలం గట్ల తగాదాలు, రొయ్యల గుంటల తగాదాలు వస్తాయి. ఇంజంక్షన్ (ఎదుటివాళ్లను అడ్డుకునే కోర్టు ఉత్తర్వు) దావా అనగానే అనాతుల సుధాకర్ వర్సెస్ పి. బుచ్చిరెడ్డి తీర్పు తీయాల్సిందే. హక్కే వివాదంలో ఉంటే డిక్లరేషన్ (హక్కు మనదేనన్న కోర్టు ప్రకటన) అడగాలి, స్వాధీనంలో ఉన్నవాళ్లకు ఎదుటివాళ్లు అడ్డుపడుతుంటే ఇంజంక్షన్ ఒక్కటే చాలు అని 21వ పేరాలో తేల్చి చెప్పారు. అది (2008) 4 ఎస్‌సీసీ 594, అంటే ఎస్‌సీసీ అనే తీర్పుల పుస్తకాల్లో 2008 నాటి 4వ సంపుటం, 594వ పేజీ. అదే తీర్పు ఏఐఆర్ అనే ఇంకో తీర్పుల పుస్తకంలో ఏఐఆర్ 2008 ఎస్‌సీ 2033.

చిక్కు ఇక్కడే. జోటెరోలో 'కేస్' అనే రకం ఎంచుకుంటే రిపోర్టర్‌కు, అంటే తీర్పుల పుస్తకం పేరుకు, ఒకే గడి ఉంటుంది. మనకేమో రెండూ కావాలి, ఇప్పుడు 2023 నుంచి సుప్రీంకోర్టు ఇస్తున్న న్యూట్రల్ సైటేషన్ (ఏ పుస్తకంతోనూ పని లేకుండా కోర్టే తీర్పుకు ఇచ్చే నంబరు) కూడా కావాలి. పైగా సైటేషన్లు రాసే బ్రిటన్ వాళ్ల పద్ధతి, ఆస్కోలా శైలి, సంవత్సరాన్ని ముందు పెడుతుంది, ఏఐఆర్‌లో సంవత్సరం మధ్యలో వస్తుంది. నేను ఎస్‌సీసీని గడుల్లో నింపి, వర్డ్‌లో సైటేషన్ పెట్టేటప్పుడు సఫిక్స్ (చివర చేర్చే మాట) గడిలో ఏఐఆర్ టైప్ చేస్తాను. పేజీ బదులు పేరా నంబరు ఎంచుకునే వీలుంది, మన కోర్టులకు అదే కావాలి. ఈ పద్ధతి చేతికి అలవాటు కావడానికి నాకు రెండు నెలలు పట్టింది.

అలవాటయ్యాక మాత్రం ఎంత సుఖమో! మధ్యలో కొత్త పేరా చేర్చినా ఫుట్‌నోట్లలో ఐబిడ్‌లు ('పైదే' అని చెప్పే గుర్తులు) తప్పుగా పడవు. తీర్పు పీడీఎఫ్ అక్కడే ఉంటుంది, అందులోనే గీతలు గీసుకోవచ్చు.

ఒక తప్పు నన్ను చాలా బాధపెట్టింది. 594 బదులు 549 అని ఎక్కించాను. అది మూడు కేసుల్లోకి వెళ్లిపోయింది. ఎదుటి వకీలు గారు పుస్తకం తెరిచి, ఆ పేజీలో ఈ తీర్పు లేదని జడ్జి గారికి చూపించారు. క్లయింటు వెనకే నిలబడి ఉన్నాడు. జోటెరో మనం ఎక్కించిందే చూపిస్తుంది, నిజమో కాదో అది చూడదు. అప్పటి నుంచి ప్రతి తీర్పునూ ఈ-ఎస్‌సీఆర్‌లోని (సుప్రీంకోర్టు తీర్పుల ఆన్‌లైన్ భాండాగారం) అధికారిక కాపీతోనో, అచ్చు పుస్తకంతోనో సరిచూశాకే ఎక్కిస్తున్నాను.

ట్యాగులు సెక్షన్ నంబర్లతో పెట్టకండి, విషయంతో పెట్టండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో సెక్షన్ 482 అంటే ముందస్తు బెయిల్, దానికి ముందున్న పాత సీఆర్‌పీసీలో హైకోర్టు స్వతస్సిద్ధ అధికారాలు. నా పాత ట్యాగులన్నీ మార్చుకోవడానికి ఒక ఆదివారం పోయింది.

సాఫ్ట్‌వేర్ ఉచితం. ఆన్‌లైన్‌లో దాచుకోవడానికి ఇచ్చే 300 ఎంబీ పీడీఎఫ్‌లకు చాలదు, నేను ఏడాదికి 20 డాలర్లు కట్టి 2 జీబీ తీసుకున్నాను.

వాదనలు టైపిస్టుకు పంపే ముందు ఒక కాపీ తీసి, అందులో 'అన్‌లింక్ సైటేషన్స్' నొక్కండి. అసలు ఫైల్లో నొక్కారా, ఆ సైటేషన్లు ఇక ఉత్త అక్షరాలే, మళ్లీ అన్నీ మొదటి నుంచి పెట్టుకోవాలి.