బూరే జట్టా, క్రాస్బీ జట్టా?

జూనియర్ ఐస్ హాకీలో గొప్ప ఫార్వర్డ్ త్రయం ఏదంటే నాకు రెండే గుర్తొస్తాయి. ఒకటి 1989 ప్రపంచ జూనియర్ పోటీల్లో, అలాస్కాలోని యాంకరేజ్‌లో ఆడిన సోవియట్ త్రయం: బూరే, ఫెదొరోవ్, మొగిల్నీ. రెండోది 2005లో అవే పోటీలకు అమెరికాలోని గ్రాండ్ ఫోర్క్స్‌లో కెనడా దింపిన క్రాస్బీ, బెర్జెరాన్, పెర్రీ. తమాషా ఏంటంటే, రెండింట్లోనూ ఒకడికి పదిహేడేళ్లు, మిగతా ఇద్దరికీ పంతొమ్మిది.

సోవియట్ వాళ్లది వేగం. బూరే పక్క నుంచి దూసుకొస్తే డిఫెండర్ తిరిగేలోపే పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) గోల్ ముందుంటుంది. ఏడు మ్యాచ్‌ల్లో 8 గోల్స్ కొట్టాడు, స్వర్ణం గెలిచారు.

కెనడా వాళ్లది వేరే లెక్క. పెర్రీ గోల్‌కీపర్ కళ్లకు అడ్డంగా తిష్ఠ వేస్తాడు, క్రాస్బీ నెట్ వెనక నుంచి పాస్ తీస్తాడు, బెర్జెరాన్ రెండు వైపులా కాపు కాస్తాడు. ఆ ఏడాది యజమానుల లాకౌట్‌తో ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ హాకీ లీగ్) మూతపడబట్టే బెర్జెరాన్ దొరికాడు. ఆరు మ్యాచ్‌ల్లో 13 పాయింట్లు (గోల్స్, గోల్‌కి దారితీసిన పాస్‌లు కలిపి) చేశాడు. ఫైనల్లో ఒవెచ్కిన్, మాల్కిన్ ఉన్న రష్యాను 6-1తో చిత్తు చేశారు.

గెలుపు కోసమైతే కెనడా త్రయాన్నే పంపుతాను. టికెట్ కొని చూడమంటే మాత్రం సోవియట్ వాళ్లకే నా ఓటు. ఆ త్రయం ఎక్కువ కాలం నిలవలేదు మరి: పోటీలయ్యాక నాలుగైదు నెలలకే మొగిల్నీ స్టాక్‌హోమ్ నుంచి అమెరికా పారిపోయాడు, మరుసటి ఏడు ఫెదొరోవ్ కూడా అదే దారి పట్టాడు.