సుబేదారిలో మా ఇంటి దగ్గరి నెట్ సెంటర్: నాలుగు స్టార్లు

మొన్న ఒక మెయిల్ ప్రింట్ తీయించుకుందామని వెళ్లాను. ‘ఆదాయపు పన్ను రిఫండ్ 18,640 రూపాయలు మంజూరైంది, ఈ రోజే వివరాలు నింపండి’ అని ఉంది. రిటర్ను వేసి ఉన్నాను కాబట్టి నిజమే అనుకున్నాను.

ప్రింట్ నొక్కబోయిన పిల్లగాడు ఆగాడు. “సార్, ఇది అసలుది గాదు. ఏమన్న నింపిన్రా?”

గుండె ఝల్లుమంది. డెబిట్ కార్డు నంబరు కొట్టాను కానీ, వెనకాల ఉన్న మూడంకెలు కళ్లజోడు లేక కనబడక అక్కడే ఆపేశాను!

పంపినవాళ్ల పేరు మీద నొక్కి అసలు చిరునామా చూపించాడు. మధ్యలో ‘ఇన్‌కమ్‌టాక్స్’ అని ఉంది, చివర మాత్రం ‘గవ్ డాట్ ఇన్’ లేదు. “చివర్నుంచి చదవాలె సార్, ముందు ఎవడైనా ఏమైనా రాసుకుంటడు” అన్నాడు. ఫోన్‌లో లింకును తెరవకుండా, దాని మీద వేలు కాసేపు అదిమిపెడితే ఎటు పోతుందో కనిపిస్తుందట. రిఫండ్ ఏదైనా, ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో మనం ధ్రువీకరించిన బ్యాంకు ఖాతాలోకే వస్తుంది, కార్డు నంబరు, పిన్ మెయిల్‌లో ఆ శాఖ అడగదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా కొట్టాల్సిన సైబర్ మోసాల హెల్ప్‌లైన్ నంబరు 1930 అని పాత జిరాక్స్ కాగితం వెనక రాసిచ్చాడు. అదిప్పుడు మా ఫ్రిజ్ మీద ఉంది.

కార్డు బ్లాక్ చేయించేదాకా ఫోన్ పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. పైసా తీసుకోలేదు. “ప్రింట్ తియ్యలె గద సార్!”

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, ఉన్నవి రెండే కుర్చీలు. అందులో ఒకటి ఊగుతుంది.