ఆక్టేవియా వీఆర్‌ఎస్‌కి ఐఎస్20, ఐఎస్38, హైబ్రిడ్ టర్బో: ఏది మేలు?

స్కోడా ఆక్టేవియాలో వేగం కోసం చేసిన మోడల్ వీఆర్‌ఎస్. అది ఉన్నవాళ్లు నలుగురు కలిస్తే మాట చివరికి ఐఎస్38 దగ్గరికే చేరుతుంది. ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్‌లో ఉన్న టర్బో (ఎగ్జాస్ట్ పొగతో తిరిగి ఇంజిన్‌లోకి గాలి తోసే పరికరం) అది. ఇంజిన్ కూడా అదే కుటుంబం, ఈఏ888 మూడో తరం. వీఆర్‌ఎస్‌తో కంపెనీ ఇచ్చే ఐఎస్20, ఈ ఐఎస్38 రెండూ జపాన్ కంపెనీ ఐహెచ్ఐ తయారీయే కాబట్టి పాత ఐఎస్20 విప్పి, అదే చోట ఐఎస్38 పెట్టేయొచ్చు. బిగింపు వరకు అంత తేలికే. అసలు లెక్క ఆ తర్వాత మొదలవుతుంది. నా మటుకు నాకు, మన ఊళ్లలో రోజూ తిరిగే వీఆర్‌ఎస్‌లలో ఎక్కువ బండ్లకు ఐఎస్20 ఉంచి మంచి ట్యూన్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయించడమే మేలు. ఐఎస్38 కూడా చక్కటి టర్బోనే, కాకపోతే దాని మేలు అందుకునే వాడకం వేరు.

ముందు కంపెనీ ఇచ్చిన అంకెలు చూద్దాం. ఐఎస్20 ఉన్న ఏడో తరం గోల్ఫ్ జీటీఐ 220 పీఎస్ ఇస్తుంది. 350 ఎన్‌ఎం టార్క్ 1,500 నుంచి 4,400 ఆర్‌పీఎం దాకా ఉంటుంది. ఐఎస్38 ఉన్న గోల్ఫ్ ఆర్ 300 పీఎస్ ఇస్తుంది, 380 ఎన్‌ఎం 1,800 నుంచి 5,500 దాకా. 2017లో మనకి వచ్చిన వీఆర్‌ఎస్ 230లో 350 ఎన్‌ఎం 1,500 నుంచి 4,600 దాకా ఉంది. 2020లో 200 బండ్లు మాత్రమే తెచ్చిన వీఆర్‌ఎస్ 245లో 370 ఎన్‌ఎం 1,600 నుంచి 4,300 దాకా. కాగితం మీద చూస్తే ఐఎస్38తో కింద 300 ఆర్‌పీఎం పోయి పైన వెయ్యి దాకా కలిసొచ్చింది. బేరం బాగున్నట్టే కనిపిస్తుంది.

కానీ ఆ 1,800 అనే అంకె, ఇంజిన్‌ను ఆ వేగం దగ్గర ఫుల్ థ్రాటిల్‌లో నిలబెట్టి కొలిస్తే వచ్చేది. రోడ్డు మీద కాలు నొక్కిన క్షణం నుంచి బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) పూర్తిగా రావడానికి ఎంతసేపు పడుతుందో అందులో ఉండదు. బూస్ట్ ఏ ఆర్‌పీఎం దగ్గర సాధ్యమవుతుందన్నది ఒక సంగతి, ఆ ఆర్‌పీఎం దాటాక కూడా ఎంత ఆలస్యంగా వస్తుందన్నది ఇంకో సంగతి. మొదటిదాన్ని గేరు దించి దాటేయొచ్చు. రెండోది మాత్రం ఏ గేరులో ఉన్నా వెంటే ఉంటుంది. మనం ల్యాగ్ అని విసుక్కునేది ఎక్కువగా దీన్నే.

ఆ ఆలస్యం ఎందుకు పెరుగుతుందో ఒక చిన్న లెక్క చెబుతుంది. ఆకారం మార్చకుండా టర్బో చక్రం వ్యాసం 10 శాతం పెంచితే, అది తోయగల గాలి సుమారు 21 శాతం పెరుగుతుంది, ఎందుకంటే గాలి వ్యాసం వర్గాన్ని అనుసరిస్తుంది. చక్రం జడత్వం మాత్రం వ్యాసం ఐదో ఘాతాన్ని అనుసరిస్తుంది. అంటే 61 శాతం పెరుగుదల. నిమిషానికి లక్షన్నర చుట్లకు పైగా తిరగాల్సిన చక్రాన్ని కింది నుంచి ఆ వేగానికి తేవాలంటే ఈ 61 శాతం బరువు తెలుస్తుంది. తేలికైన లోహం, మెరుగైన రెక్కలు, బాల్ బేరింగ్ లాంటివి ఈ నష్టాన్ని కొంత తగ్గిస్తాయి, పూర్తిగా పోగొట్టవు.

పైన ఐఎస్20 ఊపిరాడక ఆగిపోవడానికి కారణం గాలి తోసే కంప్రెసర్ ఒక్కటే కాదు. ఎగ్జాస్ట్ వైపు టర్బైన్ కూడా చిన్నదే. 5,500 దాటాక పొగ అంత సన్నటి దారిలోంచి పోలేక బ్యాక్ ప్రెషర్ పెరుగుతుంది, వేడి పొగ కొంత సిలిండర్‌లోనే మిగిలిపోతుంది, దానివల్ల నాకింగ్ (పెట్రోల్ అదుపు తప్పి తనంతట తానే పేలడం) మొదలై ఇంజిన్ కంప్యూటర్ ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్‌ను, అంటే స్పార్క్ సమయాన్ని, వెనక్కి లాగేస్తుంది. అందుకే ఐఎస్20 మీద బూస్ట్ పెంచుకుంటూ పోతే మధ్యలో టార్క్ పొంగుతుంది గాని పైన పెద్దగా మిగలదు. మంచి పెట్రోల్ మీద, పని తెలిసిన ట్యూనర్ చేతిలో, స్టేజ్ 1 (టర్బో మార్చకుండా చేసే మొదటి స్థాయి ట్యూన్) ఐఎస్20 సుమారు 280 నుంచి 300 పీఎస్, 400 ఎన్‌ఎం పైచిలుకు ఇస్తుంది. మిగతా సరంజామా అంతా అమర్చిన ఐఎస్38 నుంచి 350 నుంచి 380 పీఎస్ ఆశించొచ్చు. ట్యూన్ చేశాక ఐఎస్20 సుమారు రెండున్నర వేల దగ్గరే పూర్తి బూస్ట్‌కి వచ్చేస్తే, ఐఎస్38 మూడు వేల దాపులకు వస్తుంది.

ఇప్పుడు మన రోడ్లు. పంజాగుట్ట నుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాకా వెళ్లే బండి ఎప్పుడూ 1,500 నుంచి 3,000 మధ్యే తిరుగుతుంది. సందు దొరికినప్పుడు సగం థ్రాటిల్ నొక్కుతాం, రెండు సెకన్లలో మళ్లీ బ్రేక్. ఆ రెండు సెకన్లలో ఒక్క సెకను బూస్ట్ కోసం ఎదురుచూడాల్సి వస్తే ఎంత పవర్ ఉన్నా అక్కరకు రాదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద అయినా సరే, 120 దగ్గర టాప్ గేరులో ఇంజిన్ రెండు నుంచి మూడు వేల మధ్యే ఉంటుంది. ముందున్న లారీని దాటేటప్పుడు గేరు దించకుండానే లాగే బండి హాయిగా ఉంటుంది. శ్రీశైలం ఘాట్‌లో హెయిర్‌పిన్ తిరిగి రెండో గేరులో బయటికొచ్చేటప్పుడు సూది మళ్లీ అక్కడే. ఈ మూడు చోట్లా ఐఎస్20దే పైచేయి.

చెన్నై దగ్గర ఇరుంగట్టుకోటై ట్రాక్ మీదకి వెళ్తే కథ తిరగబడుతుంది. అక్కడ సరైన గేరులో ఉంటే ఇంజిన్ నాలుగు వేల కిందకి దిగే పనే ఉండదు, టర్బో ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. ఐఎస్20 ఐదున్నర వేల దగ్గర నీరసించే చోట ఐఎస్38 ఇంకా లాగుతుంది. నెలకోసారి ట్రాక్‌కి, డ్రాగ్ ఈవెంట్లకి వెళ్లేవాళ్లు ఐఎస్38 అడగడంలో నాకు తప్పేమీ కనిపించదు.

మీ వాడకం ఏదో మీకే సందేహంగా ఉంటే లాగ్ తీసి చూసుకోండి. బండి డయాగ్నస్టిక్ సాకెట్‌కి ఓబీడీ పరికరం పెట్టి రెండు రోజులు మామూలుగా తిరిగి, ఆర్‌పీఎం, పెడల్ శాతం, అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్ రికార్డు చేయండి. పెడల్ 100 శాతం చూపించిన వరస దగ్గర వేలు పెట్టి, అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్ కలిసే వరస దాకా కిందికి దిగండి. వాటి మధ్య కాలమే మీ అసలు ల్యాగ్. తర్వాత మొత్తం ప్రయాణంలో 5,000 పైన గడిపిన సేపు ఎంతో లెక్కేయండి. చాలామందికి అది నిమిషాల్లో కూడా రాదు. ఆ కొద్దిసేపటి కోసం మిగతా ప్రయాణమంతా పికప్ తగ్గించుకోవడం నాకు న్యాయంగా అనిపించదు.

పెట్రోల్ సంగతి కాస్త ఎక్కువే చెప్పాలి, మన దగ్గర ఐఎస్38 ప్రాజెక్టులు నీరుగారేది ఇక్కడే. గోల్ఫ్ ఆర్ ఇంజిన్ కంప్రెషన్ (సిలిండర్ గాలిని ఎన్ని రెట్లు కుదిస్తుందన్నది) 9.3. వీఆర్‌ఎస్ 230లో ఉన్న జీటీఐ తరహా ఇంజిన్‌ది 9.6. కంప్రెషన్ ఎక్కువ, దానికి తోడు బూస్ట్ ఎక్కువ, బయట మే నెల 42 డిగ్రీలు. ఇంత వేడిలో తక్కువ ఆక్టేన్ (నాకింగ్‌ని తట్టుకునే శక్తికి కొలత) పెట్రోల్ పోస్తే ట్యూనర్ రాసిన పవర్‌లో చాలా భాగం ఈసీయూ నాకింగ్ భయంతో తానే తీసేస్తుంది. లాగ్‌లో ఏ సిలిండర్‌కి ఎన్ని డిగ్రీల టైమింగ్ వెనక్కి పోయిందో కనబడుతుంది. అన్ని సిలిండర్లూ నాలుగైదు డిగ్రీలు కోల్పోతున్నాయంటే మీరు డబ్బు పెట్టిన టర్బో పని చేయడం లేదన్నమాట. ఐఎస్38కి కనీసం 95 ఆక్టేన్ ఎప్పుడూ దొరకాలి, ట్రాక్ రోజున 100 ఆక్టేన్ పెట్రోల్ ఎక్స్‌పీ100 లాంటిది ఉంటే ఇంకా మంచిది. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకి పర్వాలేదు. కర్నూలు, ఖమ్మం దాటి దూరాలు తిరిగేవాళ్లు మాత్రం దారిలో ఏ బంకులో ఏముందో ముందే చూసుకోవాలి, లేకపోతే తక్కువ ఆక్టేన్‌కి వేరే మ్యాప్ (ట్యూన్ ఫైల్) పెట్టించుకోవాలి.

20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ నాకింగ్‌ని తట్టుకోవడానికి సాయపడుతుంది. అయితే అదే గాలికి శుద్ధ పెట్రోల్ కన్నా 8 శాతం దాకా ఎక్కువ ఇంధనం కావాలి. ఐఎస్20కి అది ఇబ్బంది కాదు. ఐఎస్38 పై రేంజ్‌లో మాత్రం ఇంధనం పంపే హై ప్రెషర్ పంపు మీద ఆ భారం పడి రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు అందే ఇంధన ఒత్తిడి) జారిపోతుంది. అందుకని ఐఎస్38 లెక్కలో పంపు ఖర్చు కూడా రాసుకోండి.

ఇంకో చిన్న విషయం. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది, గాలి ఒత్తిడి 5-6 శాతం తక్కువ. అదే బూస్ట్ ఇవ్వడానికి విశాఖలో కన్నా ఇక్కడ టర్బో ఎక్కువ వేగంగా తిరగాలి. ఈ టర్బోల్లో చక్రం వేగం కొలిచే సెన్సర్ లేదు కాబట్టి ఆ హద్దు ట్యూనర్ అంచనా మీదే ఆధారపడుతుంది. సముద్ర తీరంలో రాసిన మ్యాప్‌ను ఇక్కడ అలాగే ఎక్కించేస్తానంటే ఒప్పుకోకండి.

గేర్‌బాక్స్ మాట. వీఆర్‌ఎస్ 230లో ఉన్న ఆరు గేర్ల డీక్యూ250 వెట్ క్లచ్ (ఆయిల్‌లో మునిగి ఉండే క్లచ్) డీఎస్‌జీ ఆటోమేటిక్‌ని మొదట 350 ఎన్‌ఎం తరగతికి రూపొందించారు. 245లో ఉన్న డీక్యూ381 400 పైచిలుకు భరిస్తుంది. స్టేజ్ 1 ఐఎస్20 కూడా పాత గేర్‌బాక్స్ హద్దు దాటేస్తుంది కాబట్టి ఏది ఎంచుకున్నా గేర్‌బాక్స్ ట్యూన్, సమయానికి ఆయిల్ మార్పు తప్పవు. ఇక్కడ ఐఎస్38 పక్షాన ఒక మంచి మాట చెప్పాలి. గోల్ఫ్ ఆర్ తన టార్క్‌ను నాలుగు చక్రాలకు పంచుతుంది, వీఆర్‌ఎస్ ముందు రెండింటి మీదే వేస్తుంది. ఐఎస్20 ట్యూన్‌లో టార్క్ ఒక్కసారిగా ఎగదన్నడం వల్ల రెండో గేరులో టైర్లు జారతాయి, క్లచ్ మీద దెబ్బ కూడా ఎక్కువ. ఐఎస్38లో టార్క్ మెల్లగా ఎక్కుతుంది, పట్టు చిక్కుతుంది. ఐఎస్20 ఉంచేవాళ్లు ట్యూనర్‌తో మూడు వేల లోపు టార్క్‌ను కాస్త మట్టంగా ఉంచమని చెప్పాలి. గరిష్ఠ అంకె తగ్గినా బండి నడపడానికి బాగుంటుంది.

మధ్యేమార్గంగా హైబ్రిడ్ అంటారు. పాత హౌసింగ్‌నే కోసి లోపల పెద్ద కంప్రెసర్ చక్రం పెట్టడం. ఐఎస్20 హైబ్రిడ్ నన్ను ఒప్పించలేదు. గాలి వైపు పెంచి పొగ వైపు చిన్నగానే ఉంచితే పైన అదే బ్యాక్ ప్రెషర్ మిగులుతుంది, కింద పెద్ద కంప్రెసర్ సర్జ్ కొట్టే (గాలి వెనక్కి తన్నే) ప్రమాదం వస్తుంది. టర్బైన్ చక్రం కూడా మార్చి, పూర్తి వేగం దగ్గర బ్యాలెన్స్ చేసిన రిపోర్టు చేతికిస్తే అప్పుడు ఆలోచించొచ్చు. ఆ రిపోర్టు లేని హైబ్రిడ్‌ను ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి. ఐఎస్38 హైబ్రిడ్, గారెట్ జీ25-550 లాంటి పెద్ద టర్బోలు 400 పీఎస్ పైమాట. పంపులు, క్లచ్, ఇంజిన్ లోపలి భాగాల దాకా వెళ్లే ప్రాజెక్టులు అవి. రోజూ ఆఫీసుకి వెళ్లే బండికి అవసరం లేదు.

పాత ఐఎస్38 కొనేవాళ్లు షాఫ్ట్‌ను వేళ్లతో పట్టి చూడండి. పక్కలకి కొద్దిగా కదలడం మామూలే, ఆ బేరింగ్ ఆయిల్ పొర మీద తేలుతుంది. ముందుకీ వెనక్కీ కదలిక వేలికి తెలిసిందంటే వదిలేయండి. రెక్కల అంచులు హౌసింగ్‌ని రాసుకున్న మెరుపు గీత ఉన్నా, ముక్కు దగ్గర చిన్న నొక్కు ఉన్నా అంతే. బిగించాక బూస్ట్‌ని అదుపు చేసే వేస్ట్‌గేట్ యాక్చువేటర్‌కి స్కానర్‌తో అడాప్టేషన్ (దాని హద్దులు ఈసీయూకి నేర్పడం) చేయించారా లేదా అడిగి తెలుసుకోండి. అది మరిచిపోతే కొత్త టర్బో కూడా బూస్ట్ తడబడుతుంది.

1.8 టీఎస్ఐ ఆక్టేవియా, పోలో జీటీఐ ఉన్నవాళ్లకి నా సలహా వేరు. వాటిలో ఉన్నది డ్రై క్లచ్ డీక్యూ200, దాని హద్దు 250 ఎన్‌ఎం. ఆ గేర్‌బాక్స్‌తో పెద్ద టర్బో జోలికి వెళ్లొద్దు. 2025లో వచ్చిన గోల్ఫ్ జీటీఐ, ఆక్టేవియా ఆర్‌ఎస్ ఇంజిన్లు తర్వాతి తరానివి, ఈ పోలిక వాటికి పనికిరాదు.

వీఆర్‌ఎస్‌కి నేను చెప్పే వరస ఇది: ముందు పెద్ద ఇంటర్‌కూలర్ (టర్బో తోసిన వేడి గాలిని చల్లార్చేది), కొత్త ప్లగ్గులు, 95 ఆక్టేన్ మీద స్టేజ్ 1, గేర్‌బాక్స్ ట్యూన్. ఒక ఎండాకాలం గడవనివ్వండి. అప్పటికీ 5,500 పైన బండి ఆగిపోతోందని లాగ్ చెబితే, మీరు ఆ రేంజ్‌లో నిజంగా తిరుగుతుంటే, ఐఎస్38కి వెళ్లండి. అప్పటికి ఇంటర్‌కూలర్ ఎలాగూ ఉంటుంది, ఆ డబ్బు వృథా కాదు. ఏది చేయించినా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నమైన మార్పులను ఒప్పుకోదు, బీమా క్లెయిమ్‌లో కూడా ఆ ప్రశ్న వస్తుంది. డబ్బు కట్టే ముందే బీమా కంపెనీని రాతపూర్వకంగా అడిగి జవాబు తీసుకోండి.