క్యామ్రీ హైబ్రిడ్ కొనేటట్టయితే ఎల్ఈ చాలు

2025 మోడల్ నుంచి అమెరికాలో టయోటా క్యామ్రీ హైబ్రిడ్‌గా, అంటే పెట్రోల్ ఇంజిన్‌కి తోడు ఎలక్ట్రిక్ మోటార్లున్న బండిగా మాత్రమే వస్తోంది. ఉత్త పెట్రోల్ ఇంజిన్‌తో కొత్త క్యామ్రీ ఇక దొరకదు. ఇంట్లోకి సెడాన్ కొనేవాళ్ల లెక్క దీంతో పూర్తిగా మారింది. 2024లో అన్నిటికంటే కింది రకమైన ఎల్ఈ పెట్రోల్ బండి ధర 26,420 డాలర్లు, హైబ్రిడ్ ఎల్ఈ 28,855. కొత్త ఎల్ఈ 28,400కే మొదలైంది, అంటే 2024 హైబ్రిడ్ కంటే తక్కువకే. దానికి తోడు ఇంజిన్, మోటార్లు కలిపి 225 హార్స్‌పవర్. కాబట్టి ఇప్పుడు "హైబ్రిడ్ తీసుకోవాలా వద్దా" అన్న ప్రశ్నే లేదు. ఏ ట్రిమ్ (ఒకే మోడల్‌లో సామానును బట్టి ఉండే రకం) తీసుకోవాలన్నదే మిగిలింది. షోరూంలో ఎక్కువమంది అనవసరంగా డబ్బు పోగొట్టుకునేది కూడా అక్కడే.

2025 మోడల్ విడుదలైనప్పటి ధరలు ఇవి: ఎల్ఈ 28,400, ఎస్ఈ 30,700, ఎక్స్ఎల్ఈ 33,400, ఎక్స్ఎస్ఈ 34,600. ఆల్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకూ శక్తి అందడం) కావాలంటే మరో 1,525. వీటన్నిటి మీదా అప్పట్లో రవాణా రుసుము 1,095 డాలర్లు పడింది. ప్రకటనల్లో అది కనపడదు, బిల్లులో తప్పదు.

ఇక మైలేజీ. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ స్టిక్కరు ప్రకారం ఫ్రంట్ వీల్ డ్రైవ్ (ముందు చక్రాలకే శక్తి) ఎల్ఈకి సిటీలో 53, హైవేలో 50, కలిపి 51 ఎంపీజీ (గ్యాలన్‌కు మైళ్లు). మిగతా మూడు ట్రిమ్‌లకూ 48, 47, కలిపి 47. ఇంజిన్ ఒకటే, బ్యాటరీ ఒకటే. తేడా ఎక్కువగా చక్రాల్లో ఉంది. ఎల్ఈకి సన్నటి 16 అంగుళాల టైర్లు, ఎస్ఈకి వెడల్పాటి 18, ఎక్స్ఎస్ఈకి 19. వెడల్పు, బరువు పెరిగేకొద్దీ చక్రం తిప్పడానికి ఖర్చయ్యే శక్తి పెరుగుతుంది. పై ట్రిమ్‌లలో చేరే సామాను బరువు కూడా కొంత కలుస్తుంది.

అయితే 51కీ 47కీ తేడా చూసి గాబరా పడక్కర్లేదు. ఎంపీజీ అంకె కంటికి చూపించే తేడా వేరు, జేబుకు తగిలే తేడా వేరు. ఏడాదికి 15,000 మైళ్లు తిరిగితే 32 ఎంపీజీ ఇచ్చిన పాత పెట్రోల్ క్యామ్రీ 469 గ్యాలన్లు తాగుతుంది, ఎక్స్ఎల్ఈ 319, ఎల్ఈ 294. గ్యాలన్ 3 డాలర్లు అనుకుంటే పాత పెట్రోల్ బండితో పోలిస్తే ఎల్ఈ ఏడాదికి 525 డాలర్లు మిగులుస్తుంది. ఎక్స్ఎల్ఈతో పోలిస్తే మిగిల్చేది 75 మాత్రమే. అంటే పెద్ద ఆదా హైబ్రిడ్ కావడంతోనే వచ్చేసింది. ఎల్ఈని మెచ్చుకోవడానికి అసలు కారణం ఆ 75 కాదు, కొనేటప్పుడు మిగిలే 5,000. టైర్లు మార్చే రోజున 16 అంగుళాలవి బాగా చౌకగా వస్తాయి. టైరు గోడ ఎత్తు ఎక్కువ కాబట్టి గుంతల్లో రిమ్ము వంగే భయమూ తక్కువ. తోలు సీట్లు, పెద్ద స్క్రీను మీద నిజంగా మనసున్నవాళ్లు ఎక్స్ఎల్ఈ తీసుకోవచ్చు, తప్పేం లేదు. మైలేజీ కోసం వెతికేవాళ్లకు మాత్రం అది దారి కాదు.

ఆల్ వీల్ డ్రైవ్ విషయంలోనూ ఎల్ఈదే పైచేయి. వెనక చక్రాలకు విడిగా ఒక మోటారు ఉంటుంది, ముందు నుంచి వెనక్కి షాఫ్టు ఉండదు. ఎల్ఈలో పోయేది ఒక్క ఎంపీజీయే, కలిపి 50 వస్తుంది. అదే ఎక్స్ఎల్ఈ, ఎక్స్ఎస్ఈల్లో 44కి పడిపోతుంది. డాలస్, హ్యూస్టన్‌లలో ఉండేవాళ్లకు ఆ 1,525 దండగ. మిన్నెసోటా, మిషిగన్‌ లాంటి చోట్ల ఉపయోగమే. కానీ మంచు మీద బండిని ఆపేది ఆల్ వీల్ డ్రైవ్ కాదు, వింటర్ టైర్లు. రెండిట్లో ఒకదానికే డబ్బుంటే టైర్లు కొనండి.

హోండా అకార్డ్‌లో కథ వేరు. ఇక్కడ కింది ట్రిమ్‌లు ఇంకా 1.5 లీటర్ల టర్బో పెట్రోల్‌వే, కలిపి 32 ఎంపీజీ. హైబ్రిడ్ కావాలంటే స్పోర్ట్ నుంచి పైకి వెళ్లాలి. 2025లో ఎల్ఎక్స్ 28 వేల పైచిలుకు, స్పోర్ట్ హైబ్రిడ్ 33 వేల పైచిలుకు. తేడా 5,000 దాటుతుంది. స్పోర్ట్‌కి వేసిన 19 అంగుళాల చక్రాల వల్ల కలిపి వచ్చేది 44 ఎంపీజీయే. ఏడాదికి మిగిలేది 128 గ్యాలన్లు, 3 డాలర్ల లెక్కన 384. పెట్రోల్ ఒక్కటే చూసుకుంటే అదనంగా పెట్టింది రాబట్టుకోవడానికి పదమూడేళ్లు దాటుతుంది. గ్యాలన్ 4.50 పలికే చోట కూడా తొమ్మిదేళ్లు. అకార్డ్ హైబ్రిడ్డే తీసుకోవాలనుకుంటే ఇంకొంచెం పెట్టి ఈఎక్స్-ఎల్ తీసుకోండి. దానికి 17 అంగుళాల చక్రాలు, అందుకే 51, 44, కలిపి 48. సామానూ ఎక్కువ, మైలేజీ కూడా ఎక్కువ. వెనక సీటు విషయంలో మాత్రం అకార్డ్‌దే గెలుపు. కాళ్ల దగ్గర 40.8 అంగుళాల జాగా ఉంది, క్యామ్రీలో 38. వెనక్కి తిప్పి బిగించే పిల్లల కార్ సీటు ఉన్న ఇంట్లో, ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలుండే ఇంట్లో ఆ తేడా రోజూ తెలుస్తుంది. డిక్కీ కూడా పెద్దదే, 16.7 ఘనపుటడుగులు. క్యామ్రీది 15.1.

పాత బండి కొనేవాళ్లకు ఒక మాట. 2018 నుంచి 2024 దాకా వచ్చిన క్యామ్రీ హైబ్రిడ్లలోనూ ఇదే తీరు. ఎల్ఈ కలిపి 52, ఎస్ఈ, ఎక్స్ఎల్ఈ 46. అమ్మకం ప్రకటనల్లో ఉత్త "క్యామ్రీ హైబ్రిడ్" అని రాసి 52 వేస్తుంటారు, ట్రిమ్ చూసి బేరమాడండి. అలాగే టైర్లు ఎప్పుడు మార్చారో అడగండి. కంపెనీ నుంచి వచ్చిన తక్కువ రాపిడి టైర్ల స్థానంలో చౌకవి వేయిస్తే రెండు మూడు ఎంపీజీ తేలిగ్గా తగ్గుతుంది. బండిలో లోపమేమీ ఉండదు.

స్టిక్కరు మీది అంకె రోడ్డు మీద వస్తుందా? ఈపీఏ అంకెలో వేగంగా నడిపే పరీక్ష, ఏసీ పరీక్ష, 20 డిగ్రీల ఫారన్‌హీట్ చలి పరీక్ష కూడా కలిసి ఉంటాయి కాబట్టి అది చాలావరకు నమ్మదగిందే. తగ్గేది రెండు చోట్ల. ఒకటి, 75 మైళ్ల వేగంతో గంటల తరబడి సాగే హైవే. హైబ్రిడ్‌లో బ్రేకు వేసినప్పుడు బ్యాటరీ ఛార్జవుతుంది. అక్కడ బ్రేకు పడదు, కాబట్టి బ్యాటరీకి తిరిగొచ్చేది ఉండదు, పైగా గాలి నిరోధం. రెండోది, చలికాలంలో చిన్న ట్రిప్పులు. లోపల వేడి కోసం ఇంజిన్ ఆగకుండా తిరుగుతుంది, మూడో వంతు దాకా మైలేజీ పోవచ్చు. హీటర్ నాలుగు డిగ్రీలు తగ్గించి సీటు వేడి వాడితే ఇంజిన్ త్వరగా ఆగుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీల ఫారన్‌హీట్ పడితే టైరులో గాలి దాదాపు 1 పీఎస్ఐ తగ్గుతుంది. తలుపు అంచున ఉన్న స్టిక్కరు చూసి, బండి చల్లగా ఉన్నప్పుడు కొట్టించండి.

ఇండియాలో ఇదే క్యామ్రీ 2024 డిసెంబర్‌లో 48 లక్షల ఎక్స్-షోరూం ధరతో వచ్చింది, అక్కడి వాహన పరీక్షల సంస్థ ఏఆర్ఏఐ ఇచ్చిన మైలేజీ లీటరుకు 25.49 కిలోమీటర్లు. ఈపీఏ 47ని మార్చి చూస్తే లీటరుకు 20. అంతమాత్రాన హైదరాబాద్‌లో ఉన్న మీ బావగారి బండి మెరుగైందేమీ కాదు, తేడా పరీక్షలో ఉంది. ఏఆర్ఏఐ పరీక్షలో వేగం గంటకు 90 కిలోమీటర్లు దాటదు, ఏసీ వేయరు. హోండా సిటీ హైబ్రిడ్‌కి చెప్పిన 27.13ని కూడా అలాగే చదువుకోవాలి.

డీలర్ దగ్గర నెలవారీ కిస్తీ గురించి మాట్లాడకండి. అన్నీ కలిపిన మొత్తం ధర ఈమెయిల్‌లో రాయించుకోండి. టెక్సస్‌లో ఎల్ఈ అయితే విడుదలైనప్పటి ధర, రవాణా రుసుము కలిపి 29,495, దాని మీద 6.25 శాతం పన్ను కలిపి 31,338 దాకా వచ్చింది, దాని మీద రిజిస్ట్రేషన్, డాక్యుమెంట్ ఫీజు. అంతకు మించి టైర్లలో నైట్రోజన్, పెయింట్ ప్రొటెక్షన్, అద్దాల మీద నంబరు చెక్కడం లాంటివి కనబడితే కొట్టేయించండి. ఒప్పుకోకపోతే పక్క డీలర్ దగ్గరికి వెళ్లండి.

హైబ్రిడ్ బ్యాటరీకి పదేళ్లు లేదా 1,50,000 మైళ్ల వారంటీ ఉంది, అది పోతుందేమోనని బెంగ వద్దు. పట్టించుకోవాల్సింది వెనక సీటు దగ్గర బ్యాటరీకి గాలి వెళ్లే జాలీని. పిల్లలు రాల్చిన చిరుతిండి పొడి, దుమ్ము, కుక్క వెంట్రుకలు అందులో ఇరుక్కుంటే బ్యాటరీ వేడెక్కుతుంది. ఆయిల్ మార్చినప్పుడల్లా ఫిల్టరు తీయించి శుభ్రం చేయించండి, ఆ జాలీకి అడ్డంగా సంచులు పెట్టకండి.

నెలన్నర ఇండియా వెళ్లి వచ్చేసరికి బండి కదలకపోతే అది పెద్ద బ్యాటరీ తప్పు కాదు. తాళాలు, కంప్యూటర్లను నడిపే 12 వోల్టుల చిన్న బ్యాటరీ దిగిపోయి ఉంటుంది, అది లేకపోతే బండి కదలడానికి సిద్ధమని చూపే "రెడీ" లైటు వెలగదు. గ్యారేజీలో ప్లగ్ ఉంటే బయల్దేరే ముందు బ్యాటరీ మెయింటెయినర్ (ఛార్జి దిగకుండా చూసే పరికరం) తగిలించి వెళ్లండి. లేదంటే తాళం స్నేహితుడికిచ్చి, వారానికోసారి బండిని రెడీలో పెట్టి గంటసేపు ఆరుబయట ఉంచమనండి. మూసిన గ్యారేజీలో మాత్రం వద్దు, మధ్యలో ఇంజిన్ దానంతటదే మొదలవుతుంది.