నోరు జారిన క్షణానికి ముందూ వెనుకా: సీ-స్పాన్ వీడియో లైబ్రరీ

అమెరికా నాయకులు నోరు జారిన దృశ్యాలు మన ఫోన్లకు పది సెకన్ల ముక్కలుగా, వెక్కిరింపు సంగీతంతో సహా చేరుతుంటాయి. అసలేం జరిగిందో చూడదలచినవారికి సీ-స్పాన్ వారి వీడియో లైబ్రరీ నిజంగా అక్కరకొస్తుంది. కేబుల్ సంస్థల సొమ్ముతో 1979లో మొదలైన ఈ ఛానెల్, అమెరికా చట్టసభలనూ సమావేశాలనూ వ్యాఖ్యాతలెవరూ అడ్డుపడకుండా చూపిస్తుంది.

2024 జులై 11న వాషింగ్టన్‌లో నాటో సదస్సు సందర్భంగా అప్పటి అమెరికా అధ్యక్షుడు బైడెన్, పక్కనే ఉన్న ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీని ‘అధ్యక్షుడు పుతిన్’ అని పరిచయం చేశారు. ముక్క వీడియో సాధారణంగా అక్కడే తెగిపోతుంది. పూర్తి వీడియోలోనైతే ఆయన మైకు వదిలి కదలబోయి, వెంటనే వెనక్కి తిరిగి తప్పు దిద్దుకోవడం, పుతిన్‌ను ఓడించాలన్న ధ్యాసలో ఉన్నానని సర్దిచెప్పడం, ‘ఆయనకంటే నేనే మెరుగు’ అన్న అర్థంలో జెలెన్‌స్కీ చమత్కరించడం కూడా కనిపిస్తాయి. అలాగని, ఇది వయసు ప్రభావమేనన్న విమర్శకులది పూర్తిగా అన్యాయమని అనలేను. అంతకు రెండు వారాల ముందు, జూన్ 27న ట్రంప్‌తో జరిగిన ఎన్నికల చర్చలో బైడెన్ తడబడిన తీరు చూసినవారికి ఇది ఉత్త పొరపాటుగా తోచదు. ఇదే మాట నలభై ఏళ్ల నాయకుడు అని ఉంటే నవ్వి ఊరుకునేవాళ్లమేమో!

వీడియోతో పాటు ఇచ్చే లిఖితపాఠం సరిదిద్దని క్యాప్షన్ల నుంచి తీసుకున్నది కనుక, దాన్ని పట్టుకుని ఎవరినీ తప్పుపట్టకూడదు. ఒక్కోసారి జారినది నాయకుడి నోరు కాదు, క్యాప్షనే. వెతికేటప్పుడు పేరుతో పాటు తేదీ కూడా ఇస్తే కావలసిన వీడియో త్వరగా దొరుకుతుంది.